చౌడేశ్వరి గీసిన పిట్ట

మా ఆడబిడ్డ చౌడేశ్వరికి సముద్రపు పిట్టంటే పిచ్చి. ధర్మవరంలో మా వీధిలో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు, చెప్పి ఒక నవ్వు కూడా నవ్వుతారు. నవ్వరా మరి? సముద్రం చూడాలంటే మా ఊరి నుంచి ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. చెరువు నిండిన సంవత్సరాన్ని గుర్తుపెట్టుకొని పిల్లల వయసులు చెప్పుకునేవాళ్ళం మేము. ఊరి చుట్టూ చేలల్లో వేరుశనగ మొలకెత్తి, వాన కోసం చూసి చూసి వాడిపోతుంటే, ఈ మనిషి మాత్రం వరండాలో చాప వేసుకొని, నీళ్ళ అంచున ఒంటికాలి మీద నిలబడిన పిట్టకు రంగులు వేస్తుంటుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు గోడమీద చూసిన మొదటి బొమ్మ అదే. ఏదో క్యాలెండరు కాగితం వెనకవైపు గీసి అతికించింది. ఇదేం కొంగ, ఇంత ముక్కేమిటి అని నేను అన్నానట. ఆ తర్వాత చాలా రోజులు నాతో ముభావంగా ఉంది.

ఆమె పని చీరలకు డిజైన్లు గీయడం. పట్టుచీర మగ్గం ఎక్కేముందు దాని అంచూ కొంగూ కాగితం మీద పుట్టాలి. చౌడేశ్వరి బొమ్మ గీసి రంగులు నింపి ఇస్తే, రెండు వీధుల అవతల గిరి తన కంప్యూటరులో దాన్ని గళ్ళుగా మార్చి, అట్టలకు చిల్లులు కొట్టిస్తాడు. ఆ అట్టలు మగ్గం పైన జకార్డులో ఒక్కొక్కటే తిరుగుతుంటే, కింద చీరలో బొమ్మ పడుతూ వస్తుంది. ఇప్పుడు బొమ్మలు కూడా ఫోన్లలో కావలసినన్ని దొరుకుతున్నాయి. అయినా చౌడేశ్వరి గీసిన నెమలి మెడలో ఉన్న ఒంపు వాటికి రాదంటాడు హనుమంతప్ప మామ. మా వీధిలో ఎక్కువ మగ్గాలున్నది ఆయనకే కాబట్టి ఆయన అన్నదే మాకు తీర్పు. నెమళ్ళు, చిలకలు, హంసలు, మామిడి పిందెలు, ఇవన్నీ మాకు అన్నం పెట్టే బొమ్మలు. ఆ పిట్ట మాత్రం ఆమె సొంతానికి.

దాన్ని ఆమె చూసింది పదిహేడేళ్ళ వయసులో. ఆ ఏడు వానల్లేక, కొనేవాళ్ళు లేక, మా దగ్గర మగ్గాలు మూలపడ్డాయి. అటు ఉప్పాడ దగ్గర ఒక ఊళ్ళో ఎవరో మగ్గాలకు కొత్తగా జకార్డులు బిగించుకుంటున్నారని తెలిసి మా మామగారు ఆ పనికి పోయారు. వండిపెట్టడానికి కూతురిని వెంట తీసుకుపోయారు. శివరాత్రి దాటి చాలా రోజులయ్యాక వెళ్ళినవాళ్ళు ఆషాఢంలో తిరిగొచ్చారు. అక్కడ వాళ్ళున్న ఇంటి వెనక తలుపు తీస్తే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. అన్నం వండి, తండ్రికి క్యారియరు కట్టి పంపాక చౌడేశ్వరికి పనుండేది కాదు. పోయి ఇసుకలో కూర్చునేది.

అక్కడ ఒక పిట్ట. మట్టిరంగు, ఒంటినిండా సన్నటి చారలు, జానెడు ముక్కు. ఒంటికాలి మీద, గాలికి ఎదురుగా, సముద్రం వైపు చూస్తూ నిలబడేది. రోజూ అదే చోటు, అదొక్కటే. కాకులు మూగి అల్లరి చేసినా నాలుగడుగులు పక్కకు జరిగి మళ్ళీ అక్కడికే వచ్చేది. చౌడేశ్వరి మొదట దూరంగా కూర్చునేదట, తర్వాత కొంచెం దగ్గరగా. చివరి రోజుల్లో ఇద్దరి మధ్యా ఒక చీర పరిచినంత దూరమే ఉండేదని చెబుతుంది. అప్పుడప్పుడు అది గొంతెత్తి ఒక కూత కూసేది. ఆ కూత ఎలా ఉంటుందని మా పిల్లలు ఎన్నిసార్లు అడిగినా అది నోటితో చెప్పడానికి రాదనేది. అడిగినప్పుడల్లా మాత్రం కాసేపు పని ఆపేసేది.

అక్కడున్నన్నాళ్ళూ ఆమె ఒక్క గీత గీయలేదు. కళ్ళెదుట ఉన్నదాన్ని గీసుకోవాలని ఎవరికి తోస్తుంది? ఊరికి వచ్చాక, దుమ్ము తప్ప మరేమీ కనిపించని ఒక గాలిరోజున మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆపలేదు.

వీధి ఊరుకుంటుందా? ఉప్పాడలో ఎవడో ఉన్నాడన్నారు. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి పోతుంటే ఆ మాటకు బలం కూడా వచ్చింది. పిట్ట ఒక వంక, అసలు సంగతి వేరే అన్నారు. వదినను కదా, నేనూ అడిగాను. మనిషైతే ఫోను చేసుకోవచ్చు, బస్సెక్కి రమ్మనొచ్చు, పిట్టనేం చేసేది అని నన్నే ఎదురడిగింది. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. అయినా ఒక ఆడమనిషి పిట్ట కోసం ఇంత బెంగ పెట్టుకుంటుందని నమ్మడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మగవాడి కోసమైతే వారం రోజుల్లో నమ్మేసేదాన్ని.

ఒకసారి పోయి చూసి రావచ్చు కదా అని మీరనొచ్చు. అనడానికేం, మేమూ అన్నాం. మొదట మామగారు మంచాన పడ్డారు, తర్వాత అత్త. ఇద్దరికీ చేసింది చౌడేశ్వరే. నా మరుదులిద్దరూ బెంగళూరు చేరి అక్కడే ఇళ్ళు చూసుకున్నారు. నాకు పిల్లలు పుట్టారు, వాళ్ళకు నీళ్ళు పోసిందీ తల దువ్విందీ ఆమే. వాళ్ళూ చదువులకు వెళ్ళిపోయారు. ఏ ఏటికాయేడు వచ్చే ఏడు పోదాంలే అనుకునేది. పోలేకపోయినా అది అక్కడ ఉందనే ధైర్యం ఒకటి ఆమెకుండేది. పని మధ్యలో తలెత్తి, ఈ పొద్దుకు నీళ్ళు దాని కాళ్ళ కాడికి వచ్చింటాయి అనేది. మా ఆయన నరేంద్ర, అయితే పోయి బకెట్టుతో ఎత్తిపోసి రా అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం, ఆమె కూడా.

ఆ పిట్టను ఒక్కసారైనా చీర కొంగు మీద, తాను చూసినట్టుగానే చూడాలని ఆమె కోరిక. అక్కడే చిక్కు వచ్చింది. మాలో పెళ్ళిచీర మీద పిట్ట ఎప్పుడూ జంటగానే ఉండాలి. నెమలికి నెమలి, చిలకకు చిలక, ఎదురెదురుగా. ఒంటి పిట్టను పెళ్ళికూతురి వీపున వేస్తే ఆమె బతుకూ అలాగే అవుతుందని పెద్దవాళ్ళ భయం. మగ్గం పద్ధతి కూడా దానికి తోడైంది. కాగితం మీద బొమ్మ సగమే గీస్తారు. రెండో సగాన్ని గిరి కంప్యూటరులో అద్దంలో చూపినట్టు తిప్పి అతికిస్తాడు. అందుకని చౌడేశ్వరి ఎన్నిసార్లు తన పిట్టను గీసిచ్చినా, చీర మీదికి వచ్చేసరికి దాని ముఖం ముందు ఇంకొకటి నిలబడి ఉండేది. అప్పుడు చూడాలి ఆమె కోపం. గిరి కొట్టుకు పోయి, వాడి చేతిలోని కాగితం గుంజుకొని, వాడికి మధ్యాహ్నం అన్నం సహించకుండా చేసి వచ్చిన రోజులున్నాయి.

ఒకసారి హనుమంతప్ప మామతోనే పెట్టుకుంది.

"జంట ల్యాని పిట్ట ఎవురికి గావాలమ్మే? సూస్తేనే దిగులైతాది," అన్నాడాయన.

"అది అట్లే నిలబడింటాది మామా. దానికి ఎవురూ అక్కర ల్యా," అంది చౌడేశ్వరి.

ఆయన వక్కాకు నోట్లో వేసుకున్నాడు. చీర మాత్రం జంటతోనే మగ్గం ఎక్కింది.

జంట ఒక్కటే అయితే సరిపెట్టుకునేదేమో. మగ్గం ఆ పిట్టను ఇంకెన్నో విధాల మార్చింది. అంత పొడుగు ముక్కును జరీతో నేస్తే పోగు పైకి తేలి గాజులకు తగులుకుంటుంది, కురచ చెయ్యమన్నారు. కాళ్ళు మరీ సన్నమైతే కంటికి ఆనవన్నారు, లావు చేసింది. మట్టిరంగు పెళ్ళికి ఏం బాగుంటుందన్నారు, బంగారు రంగు వేసింది. ఎవరో అడిగితే మెడలో హారం, ఇంకెవరో అడిగితే తలమీద కుచ్చు. ఇలా అడిగినవాళ్ళందరి మాటా వింటూ పోతే అది చివరికి హంసకు చెల్లెలై కూర్చుంది. బజారులో దాన్ని చౌడేశ్వరి పిట్ట అని అడిగి మరీ కొనేవాళ్ళు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె ముఖం చిట్లించేది.

పోయిన వేసవిలో కృపాకుమారి అనే అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. బత్తలపల్లెలో నర్సు. ఆగస్టులో చర్చిలో పెళ్ళి. తెల్ల పట్టుచీర కావాలి, కొంగు మీద ఒకే ఒక్క పావురం ఉండాలి అంది. చౌడేశ్వరి కుంచె నీళ్ళ గ్లాసులో పెట్టేసి, ఒకటేనా, జంట వద్దా అని మళ్ళీ అడిగింది. మా వాళ్ళలో ఆ పట్టింపు లేదక్కా, ఒకటే చాలు అంది ఆ పిల్ల. అప్పుడు చౌడేశ్వరి గోడమీది బొమ్మ చూపించి, పావురానికి బదులు ఈ సముద్రపు పిట్టను వెయ్యనా అని అడిగింది. కన్నెపిల్లప్పుడు కూడా ఆమె ఎవరినీ ఏదీ అలా అడిగి ఉండదు. కృపాకుమారి బొమ్మకేసి కాసేపు చూసి, బాగుందక్కా, ఇదే వెయ్యి అని ఒప్పుకొని వెళ్ళింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో పండగలాగే ఉంది. చౌడేశ్వరి తనే వెళ్ళి ఓళిగలకు బెల్లం తెచ్చింది. మరునాడు పొద్దున కొత్త కాగితం పరిచి కూర్చుంది. మధ్యాహ్నం చూస్తే కాగితం తెల్లగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు నన్ను పిలిచింది.

"వదినా, దాని ముక్కు కిందికి వంగుతాదో మీదికి వంగుతాదో నాకు గుర్తు ల్యా."

ఏదో ఒకవైపు వంచు, ఈ ఊళ్ళో చూసినవాళ్ళెవరు అని నేను చేతులు తుడుచుకుంటూ అన్నాను. ఆమె తల అడ్డంగా తిప్పింది. తొలినాళ్ళలో గీసిన బొమ్మలు గోడలకు సున్నం వేసినప్పుడల్లా చిరిగిపోయాయి. ఇప్పుడున్నవి చీర పిట్టను చూసి గీసినవే. కళ్ళు మూసుకుంటే లావుకాళ్ళ పిట్టే వస్తోంది, హారం వేసుకున్నదే వస్తోంది, అసలుది రావడం లేదంటూ చాప మీద కూర్చుని ఏడ్చింది. అత్త పోయినప్పుడు కూడా అందరినీ ఓదార్చిందే కానీ ఇలా ఏడవలేదు. ఇన్నేళ్ళుగా ఎవరూ జంట లేకుండా గీయనివ్వలేదని పోరాడిన మనిషి, తీరా గీయమనేసరికి దాన్నే పోగొట్టుకుని కూర్చుంది. నాకు ఆ పిట్టమీద కోపం వచ్చింది, మగ్గం మీద వచ్చింది, ఊరికే కూర్చున్న మా ఆయన మీద కూడా వచ్చింది. లేచి బట్టలు సర్దుకో, పోదాం అన్నాను.

విజయవాడలో రైలు మారి, కాకినాడలో దిగి, బస్సెక్కి వెళ్ళాం. బస్సు కిటికీలోంచి సముద్రం కనిపించగానే చౌడేశ్వరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్ళున్న ఇల్లు లేదు. ఆ వరస ఇళ్ళే లేవు. సముద్రం ముందుకొచ్చేసిందని, అది మింగినవి పోగా మిగిలినవాళ్ళు లోపలికి జరిగారని చెప్పారు. గట్టు పొడుగునా రాళ్ళు పోసి ఉన్నాయి. ఇసుక కోసం చాలా దూరం నడిచాం. దొరికిన ఇసుక మీద కాకులున్నాయి, కుక్కలున్నాయి, బోర్లించిన పడవలున్నాయి.

ఆ రోజంతా కూర్చున్నాం. మరునాడు తెల్లవారకముందే లేపింది, మళ్ళీ కూర్చున్నాం. వైశాఖమాసపు ఎండ. మా ఎండ నాకు అలవాటే కానీ ఆ ఉక్క కాదు. ఒంటికి బట్టలు అతుక్కుపోయాయి, చెప్పు తెగింది, సముద్రం మీద నాకున్న మోజంతా ఒక్కపూటకే తీరిపోయింది. చౌడేశ్వరి మాత్రం నీళ్ళ అంచు వెంబడే కళ్ళు తిప్పుతూ కూర్చుంది. కాకి వాలినా లేచి నిలబడేది. ఇక ఉండబట్టలేక, అక్కడ చేపలు ఎండబెడుతున్న ఒకామెను నేనే వెళ్ళి అడిగాను. చౌడేశ్వరి నా వెనకే వచ్చి, మట్టిరంగు, చారలు, పొడుగు ముక్కు అని గాలిలో చేత్తో గీసి చూపించింది.

"ఆ పిట్టలా? చలికాలం వస్తాయమ్మా, గుంపులు గుంపులుగా దిగుతాయి," అందామె, చూపుడువేలు కొడవలిలా కిందికి వంచి చూపిస్తూ. "శివరాత్రి దాటితే ఎల్లిపోతాయి. ఇప్పుడెక్కడుంటాయి?"

చౌడేశ్వరి నమ్మలేదు. తాను చూసింది ఎండాకాలంలోనేనని, రోజూ ఉండేదని, ఒకటే ఉండేదని చెప్పింది.

"ఒకటే ఉందంటే అది ఎగరలేనిదై ఉంటాది. రెక్క బాగోపోతేనో, ఒంట్లో సత్తువ లేపోతేనో ఒక్కోటి ఉండిపోతాదమ్మా. గుంపు ఎల్లిపోయాక అలా సముద్రంకేసి చూసుకుంటా నిలబడుంటాది, పాపం."

ఇంత మాట చెప్పి ఆమె చేపలు తిరగేసుకోవడానికి వెళ్ళిపోయింది. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. మాకు తెలిసిన పిట్టలు కాకులు, పిచ్చుకలు, గోరింకలు. ఎండైనా కరువైనా ఊళ్ళోనే పడి ఉంటాయి. అందుకే సముద్రం ఎక్కడికీ పోనట్టే సముద్రపు పిట్ట కూడా పోదనుకున్నాం. అది చుట్టపుచూపుగా వచ్చేదని, దానికీ వేరే ఊరుంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. చౌడేశ్వరి ఇసుకలో కూలబడింది.

"గాలికి ఎదురు నిలబడిందనుకుంటి వదినా. ఎంత పౌరుషమో అనుకుంటి. అది పోయినోళ్ళ దావ సూస్తాండె."

నాకు ఏడుపు ఆగలేదు. పిట్ట కోసం ఏడ్చిన ధర్మవరం కోడలిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ మాట ఆమె పిట్ట గురించే అన్నదా, ఇంకా దేని గురించైనా అన్నదా అని నేను అడగలేదు. మా ఇంట్లోంచి ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే గుమ్మంలో నిలబడి సాగనంపింది ప్రతిసారీ ఆమే కదా. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒక్కసారి మాత్రం, అది కూసిన కూత నాకు పాటలాగ వినబడింది వదినా అంది.

ఇంటికొచ్చాక కాగితాల మీద కాగితాలు అతికించి వరండా పొడుగునా పరిచింది. ఇన్నేళ్ళూ చూసిన ఒక్కదాన్ని పక్కనపెట్టి, ఎన్నడూ చూడనివాటిని గీయడం మొదలుపెట్టింది. పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళితే రెక్క, మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి వెళితే ఇంకో రెక్క. కిందికి వంగిన పొడుగు ముక్కులు, పోగంత సన్నటి కాళ్ళు, మట్టిరంగు. జరీ పోగు తేలిపోతుందేమోనని ఈసారి ఆలోచించలేదు. ఒక్క పిట్టే కావాలన్న కృపాకుమారికి ఫోను చేసి, గుంపు వేస్తున్నానని చెప్పింది. ఎందుకని ఆ పిల్ల అడిగినట్టుంది. కారణం చెప్పబోయి, చెప్పలేక, ఒంటరిగా వెయ్యబుద్ధి కాలేదని మాత్రం అంది. అట్లయితే గుంపే వెయ్యక్కా అని కృపాకుమారి సరేనంది.

గిరి కాగితం చూసి తల పట్టుకున్నాడు. సగం గీసిస్తే మిగతాది తిప్పి అతికిస్తానన్నాడు. ఒక్కదాన్నీ తిప్పి వెయ్యొద్దు, దేనికదే వేరు అని చౌడేశ్వరి చెప్పింది. అట్టలు ఎన్నవుతాయో తెలుసా అని వాడు గొణిగాడు. గొణుగుతూనే చేశాడు. హనుమంతప్ప మామ మగ్గం ఇచ్చాడు. పిట్టలు ఎదురెదురుగా లేకపోయినా, ఇన్ని కలిసి పోతుంటే దోషమేముంటుందిలే అన్నాడు.

చీర మగ్గం మీది నుంచి కోసిన రోజు నేను, మా ఆయన, గిరి అందరం వెళ్ళాం. తెల్ల పట్టు కొంగంతా పిట్టలే. ఒకదాని వెనక ఒకటి, కొన్ని పైకి, కొన్ని దిగువగా, అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి. కింద అంచు వెంబడి సన్నటి జరీ గీత, అది నీళ్ళు. గీతకు ఇవతల ఇసుక. నా కళ్ళు అలవాటు కొద్దీ ఆ ఇసుక మీదికే పోయాయి. ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాను. చీర మడత విప్పి మళ్ళీ వెతికాను.

"నిలబడిన పిట్ట యాడమ్మే?" అన్నాను.

చౌడేశ్వరి ఖాళీ ఇసుక మీద అరచేతితో ఒకసారి నిమిరింది.

"ల్యా వదినా. ఈతూరి ఒక్కదాన్నీ ఇడిసిపెట్టలే."